ఆరో అట్ట

కోడిగుడ్డంటే రంగులక్కకు చిన్నప్పటినుంచీ పడదు. పక్కింటి కిటికీలోంచి ఉడికిన గుడ్డు వాసన వచ్చినా ముక్కుకు చేయి అడ్డం పెట్టుకునేది. తడిసిన ఈకల కంపు, గూటి నేలమీద పొరలు పొరలుగా ఎండిన రెట్ట, గుడ్డు పగలగొట్టగానే పచ్చసొన వెంట జారే ఆ తెల్లటి జిగురు, వీటిలో ఏది గుర్తొచ్చినా ఆవిడ తింటున్న కంచం పక్కకు నెట్టేసేది. "దేవుడు చేసిన ప్రాణిని అసహ్యించుకోకూడదే తల్లీ" అని నాయనమ్మ బుద్ధి చెబితే, "ప్రాణిని కాదు నాయనమ్మా, దాని కంపుని" అని దేవుడికి దండం పెడుతూనే రెండో చేత్తో ముక్కు మూసుకుందట.

అలాంటి మనిషి నెత్తినే కోడిగుడ్ల రంగుల పంచాయితీ వచ్చి పడింది.

ఆవిడ అసలు పేరు ఇంట్లోవాళ్ళకే సరిగా గుర్తుండదు. బట్టల అద్దకం కార్ఖానాలో రంగులు సరిచూసే పనిలో తల నెరిసిపోయింది. అద్దిన బట్టను నమూనా ముక్క పక్కన పెట్టి కలిసిందో లేదో చెప్పడం ఆవిడ పని. ఉత్తరం కిటికీ దగ్గర, బూడిదరంగు బల్లమీద మాత్రమే చూసేది. ఎరుపు చూసిన కళ్ళతో వెంటనే పచ్చను చూసేది కాదు; కాసేపు సున్నపు గోడకేసి చూసి కళ్ళు కడుక్కున్నట్టు చేసుకునేది. ఆ కార్ఖానా ఫోర్‌మన్ మంచివాడు. ఆవిడ వెలుతురుకు నీడ పడుతుందని ఆ కిటికీ బయట తన సైకిలు కూడా పెట్టేవాడు కాదు, ఇంకెవర్నీ పెట్టనిచ్చేవాడు కాదు.

కొత్తగా చేరిన పిల్లలకు ఆవిడ ఒక మాట నూరిపోసేది. "నమూనా వస్తే పైమడత చూడకండి, అది ఎండకు వెలిసిపోయుంటుంది. లోపలి మడత విప్పండి. అక్కడున్న ముదురు రంగే అసలు రంగు." బట్టల విషయంలో ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. ఈ నిజమే చివరికి ఆవిడ మెడకు చుట్టుకుంది.

భర్త పోయి, పని మానేశాక రంగులక్క ఇంట్లో ఒక వైపు గదుల్లో ఉండేది. రెండో వైపు మరిది, తోడికోడలు. మధ్యలో పెరడు ఉమ్మడి, వంటా ఉమ్మడే. మరిది బస్సులు బాగుచేసే షెడ్డులో మెకానిక్. చేతులకు గ్రీజు, నోటికి వేళాకోళం ఎప్పుడూ అంటుకునే ఉండేవి. తోడికోడలు వెన్నలాంటి మనిషి. గిన్నెలో చీమలు పడితే నీళ్ళు పోయకుండా కాగితం మీదికి ఎక్కించి గోడవతల వదిలి వచ్చేది. పెరటి చివర రేకుల షెడ్డులో ముదురు రంగు గుడ్లు పెట్టే జాతి కోళ్ళను పెంచేది. ఇంట్లో గుడ్డు వండిన రోజున ఆ గిన్నెను తీసుకెళ్ళి షెడ్డు దగ్గరి కుళాయి కింద కడిగేది, అక్కకు వాసన తగలకూడదని. ఈ సంగతి ఆమె ఎన్నడూ నోరు తెరిచి చెప్పలేదు. రంగులక్కే ఒకరోజు చూసి తెలుసుకుంది.

కోళ్ళ పెంపకందారుల సంఘం ఏటా పోటీ పెట్టేది. పుంజులకు, పెట్టలకు, గుడ్లకు వేరువేరు బహుమతులు. వచ్చిన చిక్కల్లా రంగు దగ్గరే. ఒక జడ్జి ఇటుక రంగంటే ఇంకో జడ్జి తేనె రంగనేవాడు. గుడ్డు తెచ్చినవాడేమో "నీ కళ్ళు పోను, అది రాగి రంగు!" అని లేచేవాడు. ఒక ఏడు మాటా మాటా పెరిగి, ఓడినాయన ఆ గుడ్డునే జడ్జి చొక్కామీద పగలగొట్టాడు. ఆ జడ్జి కళ్ళజోడు పెట్టుకునే ముసలాయన. కారుతున్న సొనను వేలితో తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, "లోపల మాత్రం అందరిదీ ఒకటే పసుపు" అన్నాడట.

దాంతో సంఘం అధ్యక్షుడు రంగులక్క ఇంటికి వచ్చాడు. బేకరీ యజమాని. మెడ సాచి, ఛాతీ ముందుకు తోసి నడుస్తాడని వెనకాల అందరూ ఆయన్ని పుంజు అనేవారు.

"అమ్మా, మీ కళ్ళ గురించి విన్నాం. మా సంఘానికి రంగుల అట్టలు చేసి పెట్టాలి. ఏ రంగుకి ఏ పేరో అందరికీ ఒకటే మాట ఉండాలి" అన్నాడు.

"గుడ్లకా?" అంటూ రంగులక్క కూర్చున్న కుర్చీనే వెనక్కి జరిపింది.

"ఒప్పేసుకో వదినా," అన్నాడు మరిది, "కోడిగుడ్డు మీద ఈకలు పీకడం నీకు ఎటూ అలవాటే. ఇప్పుడు గుడ్డు కూడా వాళ్ళే ఇస్తారంట."

"నువ్వు నోర్మూసుకుని ముందు చేతులు కడుక్కో. తలుపంతా గ్రీజు చేశావు."

తోడికోడలు తలుపు వెనకనుంచి ఇవతలికి వచ్చింది. "ఒప్పుకో అక్కా. పోయినేడు నా గుడ్డుని చూసి ఆ కళ్ళజోడాయన 'గుడ్డు రంగు' అని రాసిపెట్టాడు. ఇంటికొచ్చి ఏడ్చాను తెలుసా? గుడ్డు రంగంటే ఏంటక్కా అసలు? అదొక రంగా?"

ఆ ఏడుపు మాట రంగులక్కను కదిలించింది. సరేనంది.

బేకరీ వెనక పిండి బస్తాల గదిలో ఉత్తరం కిటికీ కింద బల్ల వేయించుకుంది. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు. రోజూ ఎవరో ఒకరు గంపతో గుడ్లు తెచ్చేవారు. కొన్నిటికి రెట్ట, కొన్నిటికి ఈక, ఒకదానికి నెత్తుటి చార. ఒక్కోదాన్ని పట్టుకున్నప్పుడల్లా రంగులక్క ఒళ్ళు జలదరించేది. కానీ రంగు దగ్గరికి వచ్చేసరికి ఆ రోత ఎటు పోయేదో పోయేది. నల్ల ఈకల్లో ఆకుపచ్చ మెరుపున్న నలుపు వేరు, ఊదా మెరుపున్న నలుపు వేరు అని విడదీసింది. గుడ్లకు లేతనుంచి ముదురుదాకా దంతం, ఇసుక, తేనె, ఇటుక, రాగి అని అట్టలు కట్టింది. ప్రతి అట్ట మధ్యలో గుండ్రటి బెజ్జం పెట్టి, దాన్ని గుడ్డు మీద ఆనించి చూడాలంది. తడి గుడ్డు చూడకూడదు, ముదురుగా కనబడి మోసం చేస్తుంది. దీపం కింద చూడకూడదు. ఎవరైనా "గుడ్డు రంగు" అని రాస్తే ఆ తీర్పు చెల్లదు. ఈ చివరి నియమం తోడికోడలి కోసం పెట్టింది.

అట్టలు ఐదయ్యాక ఒక పొద్దున అధ్యక్షుడు దూదిలో చుట్టిన గుడ్డొకటి తెచ్చి బల్లమీద పెట్టాడు. ఎండిన నెత్తురంత ముదురు. రంగులక్కకు ఒకపక్క వెగటు, ఇంకోపక్క కళ్ళు తిప్పుకోలేని అందం.

"ఇలాంటిది పెట్టే కోడి ఉందా?"

"నా పెట్టేనమ్మా. అసలు జాతి రంగు ఇదే. మిగతావన్నీ దీని ముందు వెలిసిపోయినవే."

వెలిసిపోవడం అన్న మాట వినగానే ఆవిడ చెయ్యి దానంతటదే కుంచెమీదికి పోయింది. లోపలి మడత దొరికిందనుకుంది. ఆ పెట్ట ఎప్పుడు పెట్టిన గుడ్డు, మర్నాడు పెట్టినది ఎలా ఉంది అని అడగలేదు. కోడికి పైమడత, లోపలి మడత ఉండవని ఆవిడకు తట్టలేదు. ఆరో అట్ట తయారైంది. బేకరీ ఆయన దానికి చాక్లెట్ అని పేరు పెట్టాడు. అన్నిటికన్నా అదే గొప్పదని సంఘం తీర్మానించింది.

ఆ ఏడు పోటీలో ఎవరి చొక్కామీదా గుడ్డు పగల్లేదు. అందరూ రంగులక్కకు నమస్కారాలు పెట్టారు. తోడికోడలి గుడ్డు రాగి దగ్గర ఆగిపోయింది. "ఒక్క అట్ట తక్కువైందక్కా" అని నవ్వేసి అందరికీ టీలు అందించింది. ఇంటికొచ్చాక మాత్రం తోడికోడలు, రంగులక్క తనకోసం ఉంచుకున్న ఆరో అట్ట నకలును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. రంగులక్క అది చూసింది గానీ పట్టించుకోలేదు.

మళ్ళీ ఏడు పోటీల కాలం దగ్గరపడుతుండగా పెరడు మూగబోయింది. కోళ్ళ గోల వినబడితే విసుక్కునే మనిషికి ఆ గోల లేకపోవడం ముందుగా తెలిసింది. షెడ్డు చుట్టూ టార్పాలిన్లు కట్టి ఉన్నాయి.

"ఎలుకలక్కా" అంది తోడికోడలు, మొహం చూడకుండా.

తర్వాత కంపు మొదలైంది. అది మామూలు కోళ్ళ కంపు కాదు. కళ్ళు మండించే ఘాటు, దాని కింద ఏదో కుళ్ళిన తీపి. రంగులక్క ఒక మిట్టమధ్యాహ్నం ముక్కుకు గుడ్డ కట్టుకుని వెళ్ళి టార్పాలిన్ లాగేసింది.

వెలుతురు పడగానే లోపలున్నవి కళ్ళు మూసుకున్నాయి. కోళ్ళని పోల్చుకోవడానికే ఆవిడకు కాస్త సమయం పట్టింది. ఈకలు రాలిపోయి, ఎర్రగా కందిన చర్మం ముడతలు పడి, ఎముకలు పొడుచుకొచ్చి ఉన్నాయి. మేత తొట్టి నాకినట్టు ఖాళీ. ఒకటి తన రెట్టనే పొడుచుకు తింటోంది. ఒకటి నేలమీది ఈకను మింగలేక, కక్కలేక గుటకలు వేస్తోంది. మూలన ఒకటి చచ్చి పడుంది, దాని పక్కనే ఒక బోడి పెట్ట వీపంతా పొడిపించుకుని, పచ్చి పుండుతో గోడకు ఆనుకుని నిలబడింది. రంగులక్క పక్కకు తిరిగి అక్కడే భళ్ళున వాంతి చేసుకుంది.

తోడికోడలు చెంబుతో నీళ్ళు తీసుకుని పరుగెత్తుకొచ్చింది. ఆ స్థితిలోనూ ముందు అక్క నోరు కడిగింది, వీపు నిమిరింది. ఆ చెయ్యి మెత్తగానే ఉంది. అది రంగులక్కకు ఇంకా అసహ్యమనిపించింది.

"చీమల్ని కాగితం మీద మోసేదానివి. ఏంటే ఇది?"

"దీన్ని విశ్రాంతి అంటారక్కా. అధ్యక్షుడు అందరికీ చెప్పాడు. మేత ఆపి చీకట్లో పెడితే ఈకలు రాల్చేసి గుడ్లు మానేస్తాయి. మళ్ళీ మేతేసి వెలుతురు చూపిస్తే మొదటి గుడ్డు చిక్కటి రంగుతో వస్తుంది. నీ ఆరో అట్టకి సరిగ్గా. రోజూ పెట్టే కోడికి ఆ రంగు రాదక్కా. పెట్టేకొద్దీ పలచనవుతుంది. దాని ఒంట్లో ఎంతుంటే అంతేగా."

"అందరూ ఇదే చేస్తున్నారా?"

"మరి ఆరో అట్ట ఎలా వస్తుందనుకున్నావు? నువ్వు పెట్టావు, మేం అందుకుంటున్నాం."

అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కానీ మాట బయటికి వచ్చేసింది. రంగులక్క వంగి ఖాళీ మేత తొట్టిని ఇవతలికి లాగింది. వెలిసిపోవడం అనుకుంది తాను. అది వెలిసిపోవడం కాదు. రోజూ ఒక గుడ్డు పెట్టే ప్రాణి తన ఒంట్లోని రంగును రోజూ కొంచెం కొంచెం పంచడం. ఆ పంచడాన్ని తక్కువ చేసి, పస్తుకు పెద్దపీట వేసింది తన అట్ట.

"దేవుడా, నా కళ్ళచేత ఇదా చేయించావు" అంది.

ఆ పూటే టార్పాలిన్లన్నీ ఊడబీకింది. తోడికోడలు అడ్డు రాలేదు, ఏడుస్తూ సాయం పట్టింది. పస్తున్న కోళ్ళకు ఒకేసారి మేతేస్తే ప్రమాదమని నానబెట్టి పిడికెడు పిడికెడు పెట్టారు. సాయంత్రం మరిది వచ్చి షెడ్డులోకి తొంగి చూశాడు. వేళాకోళం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చచ్చినదాన్ని గోనెలో చుట్టి, గోడవతల గొయ్యి తీసి, పూడ్చి, చేతులు కడుక్కోకుండానే గట్టుమీద కూర్చుండిపోయాడు.

కొన్నాళ్ళకు కొత్త ఈకలు ముళ్ళలా పొడుచుకొచ్చాయి. బోడి పెట్టకు మాత్రం పుండు మానలేదు, ఈకా మొలవలేదు. పోటీకి ముందు దాని కిందే ఒక గుడ్డు కనబడింది. ఎండిన నెత్తురంత ముదురు, ఎక్కడా మచ్చ లేదు.

"ఇది పంపనీ అక్కా," అని బతిమాలింది తోడికోడలు. "అది పడాల్సిన బాధ ఎలాగూ పడింది. ఇప్పుడు పంపకపోతే ఆ బాధంతా వృథా కాదా?"

"వృథా కాకుండా ఉండాలంటే బహుమతి రావాలా?"

"ఇన్నేళ్ళలో నాకు ఒక్కటంటే ఒక్కటి రాలేదక్కా."

ఆ రోజునుంచి రంగులక్క కంచం తన గదిలోకి తెచ్చుకుని తినడం మొదలుపెట్టింది. తోడికోడలు గుడ్డు వండటమే మానేసింది. అయినా రంగులక్క ఆమె మొహం చూడలేదు. ఇంట్లో మనిషి మీద వెగటు పుడితే ఎటు తిరిగి ముక్కు మూసుకోవాలో ఆవిడకు తెలియలేదు.

పోటీ రోజున హాల్లో పొడవాటి బల్లలమీద తెల్లబట్టలు పరిచి, రంపపు పొట్టు పోసిన పళ్ళాల్లో గుడ్లు పేర్చారు. రంగులక్కకు ముందు వరసలో కుర్చీ వేశారు. తోడికోడలు తన గుడ్డును పళ్ళెంలో పెట్టి గోడవారగా నిలబడింది. ఇంట్లో వదిలితే మిగతావి పొడుస్తాయని బోడి పెట్టను బుట్టలో పెట్టుకుని వెంట తెచ్చింది. మరిది ఆ బుట్టను ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు.

జడ్జీలు అట్టల బెజ్జాలు ఆనించి చూసుకుంటూ పోయారు. ఇంచుమించు ప్రతి పళ్ళెం దగ్గరా ఒకటే మాట: ఆరు, ఆరు, ఆరు.

"చూశారా!" అన్నాడు అధ్యక్షుడు మెడ సాచి. "అమ్మగారి అట్టలొచ్చాక జాతి ఎంత బాగుపడిందో!"

చప్పట్లు కొట్టారు. రంగులక్కకు షెడ్డు కంపు మళ్ళీ ముక్కుకు తగిలినట్టైంది. లేచి నిలబడింది.

"ఈ గుడ్లు పెట్టిన తల్లులేవి?"

"ఆఁ? కోళ్ళ పోటీ పక్క హాల్లో కదమ్మా."

"పక్క హాల్లో చూసొచ్చాను. అన్నీ నిగనిగలాడే పుంజులు, పడుచు పెట్టలు. నేనడిగేది వీటి తల్లుల్ని. ఇళ్ళదగ్గర చీకట్లో పెట్టినవాటిని."

కొందరు చెప్పులకేసి చూసుకున్నారు.

"ఆరో అట్ట తప్పు," అంది రంగులక్క. "చేసింది నేనే. కోడిని బట్టలాగా చూశాను. రోజూ గుడ్డు పెట్టే కోడికి రాని రంగుని గొప్పదన్నాను. అది పస్తు పెడితే వచ్చే రంగు. అట్ట తీసెయ్యండి. కోడి రోజూ పెట్టే కాలం నడుమ పెట్టిన గుడ్డు తెమ్మనండి, దాంతోపాటే ఆ పెట్టనూ తెమ్మనండి. రెంటినీ కలిపి చూడండి."

"పదిమంది వచ్చిన చోట ఈ రోత మాటలెందుకమ్మా?" అన్నాడు అధ్యక్షుడు, నవ్వు చెదరకుండా.

వెనకనుంచి ఎవరో గొంతు కలిపారు. "గుడ్డు వాసనకే కళ్ళు తిరిగే మనిషి, ఆవిడకి కోళ్ళ సంగతేం తెలుసండీ!" గొల్లున నవ్వారు.

ఆ నవ్వు ఆగకముందే తోడికోడలు గోడవారనుంచి కదిలి వరండాలోకి పోయింది. బుట్టతో తిరిగొచ్చింది. నేరుగా బల్ల దగ్గరికి నడిచి, బోడి పెట్టను రెండు చేతులతో ఎత్తి, తెల్లబట్టమీద తన గుడ్డు పక్కన నిలబెట్టింది.

"ఇదిగో తల్లి. పస్తు పెట్టింది నేనే. మీరూ పెట్టారు. మీవీ తెచ్చి చూపించండి."

బోడి పెట్ట వణుకుతూ, చుట్టూ చూసి, తెల్లబట్టమీద పల్చగా రెట్ట వేసింది. పుండు వాసన గుప్పుమంది. "ఛీ! ఛీ! తీసెయ్యండి! గుడ్లకి అంటుకుంటుంది!" అని అరుపులు. చేతిరుమాళ్ళు ముక్కుల మీదికి పోయాయి. కుర్చీలు వెనక్కి జరిగాయి. వాళ్ళకు రోత పుట్టింది, నిజమే. అది కోడిని చూసి పుట్టింది.

రంగులక్క మాత్రం ముక్కు మూసుకోలేదు. దగ్గరికి వెళ్ళి, తన చేతిరుమాలు తీసి, ఆ కోడి కాళ్ళు తుడిచింది. కళ్ళజోడాయన మంచినీళ్ళ గ్లాసు తెచ్చి దాని ముక్కు దగ్గర పెట్టాడు.

అధ్యక్షుడు చేతులెత్తి ఓటు వేయమన్నాడు. అట్ట తీసెయ్యాలని కళ్ళజోడాయన చెయ్యెత్తాడు. ఇంకొందరు సగందాకా ఎత్తి, అటూ ఇటూ చూసి, తల గోక్కుని దించేశారు.

"అట్ట ఉంటుంది. అది సంఘం ఆస్తి" అన్నాడు అధ్యక్షుడు. "ఎవరైనా ఈ బల్లమీది బట్ట మార్చండయ్యా."

"ఉంచుకోండి," అంది రంగులక్క. "అట్ట మీది, కళ్ళు నావి. ఇక మీ గుడ్లు చూడను."

తోడికోడలు పళ్ళెంలోంచి తన గుడ్డు తీసేసుకుంది. మొదటి బహుమతి అధ్యక్షుడి గుడ్డుకే వచ్చిందని తర్వాత తెలిసింది. దాని తల్లి సంగతి ఎవరూ అడగలేదు.

ముగ్గురూ బస్సెక్కారు. బుట్ట కంపుకు ముందు సీట్లవాళ్ళు గొణిగారు. కండక్టర్ వచ్చి బుట్టలోకి చూశాడు. వాళ్ళను చివరి సీటుకు తీసుకెళ్ళి, కిటికీ తెరిచి, గాలి సూటిగా తగులుతుందేమోనని తన భుజంమీది తువ్వాలు తీసి కోడిమీద కప్పాడు. "ఒంటిమీద ఏమీ లేదు పాపం" అన్నాడు. ఆ మాటకు తోడికోడలు వెక్కివెక్కి ఏడ్చింది. రంగులక్క ఇన్నాళ్ళకు ఆమె చేయి పట్టుకుంది.

"వదినా," అన్నాడు మరిది, "ఆ తువ్వాలు ఉతికివ్వాలంటే మాత్రం నా వల్ల కాదు."

"నీ గ్రీజు చొక్కాకన్నా నయమేలే" అంది రంగులక్క.

బోడి పెట్టకు ఈకలు నిండుగా వచ్చాక కూడా ఆ పేరు పోలేదు. షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉంటాయి, గోల ఎప్పటిలాగే మోగుతుంది. పొద్దున్నే రంగులక్క ముక్కుకు గుడ్డ కట్టుకుని నేల గీకడానికి వస్తుంది. గీకడానికి ఆవిడ వాడేది ఇంట్లో మిగిలిపోయిన ఆరో అట్ట. మందపాటి అట్ట, పనికి బాగా పనికొస్తోంది. రంగు మాత్రం ఇప్పుడు ఏమీ కనబడదు.

ఒకరోజు తోడికోడలు బోడి పెట్ట కిందనుంచి గుడ్డు తీసి వెలుతురుకు పెట్టింది. చాలాకాలంగా మానకుండా పెడుతోంది గదా, బాగా పాలిపోయింది. ఇసుకా కాదు, తేనే కాదు, మధ్యలో ఎక్కడో ఉంది. ఒకపక్క కాస్త రెట్ట అంటుకుని ఉంది.

"ఇది ఏ అట్టక్కా?"

రంగులక్క వంచిన నడుము ఎత్తి, గుడ్డ పైనుంచే చూసింది.

"గుడ్డు రంగు" అంది. "తీసుకెళ్ళి కడుగు, కంపు కొడుతోంది."